తూములో ఎర్రనీళ్ళు

మా వెనక పోర్షన్ తూములోంచి వచ్చిన ఎర్రనీళ్ళు ఏమిటో పదిహేనేళ్ళపాటు నాకు తెలియలేదు. ఆ రోజుల్లో మాత్రం తెలుసనే అనుకున్నాను. అందుకే ఆ పోర్షన్‌లో ఉన్న సిరాజుద్దీన్‌నీ, అతని భార్యనీ, పిల్లనీ పది రోజుల్లో ఖాళీ చేయించాను. సందేహం వాళ్ళు వెళ్ళాక మొదలైంది. పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు కూర్చున్నప్పుడు, "స్వామీ, అది రక్తమేనా?" అని లోపల అడిగేవాణ్ణి. ఆయన చెప్పేవాడు కాదు. వెళ్ళి చూడాల్సింది నేను, ఆయన్ని అడిగితే ఏం చెప్తాడు?

అది 1991. మాది గుడివాడ. మా ఇంట్లో నీచు వండం. సిరాజుద్దీన్ బజార్లో బట్టల కొట్టు గుమాస్తా. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు తనంతట తనే, "మీ ఆవరణలో నీచు వండమండీ. తినాలనిపిస్తే పెడనలో మా అత్తగారింటికి వెళ్తాం" అని మాటిచ్చాడు. నెమ్మదస్తుడు, ఇచ్చాను. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో నెలలో మధ్యాహ్నం పూట తలుపులు వేసుకోవడం మొదలైంది. లోపల చెక్క మీద ఏదో కొడుతున్న చప్పుడు. దభీమని ఒకసారి, కాస్త ఆగి మళ్ళీ దభీమని. తరవాత అదోరకం వాసన. సాయంత్రానికి తూములోంచి ఎర్రనీళ్ళు దిగి వీధి కాలవలో కలిసేవి. మాంసం కొట్టి అమ్ముతున్నాడని అనుకున్నాను. మాట తప్పాడని నాకు మండింది.

ఆ సంగతి నాకూ, మా ఆవిడ సుబ్బరత్నమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. అలా అనుకునే 2006 దాకా ఉన్నాను.

అప్పటికి నేను మార్కెట్ యార్డు ఉద్యోగం నుంచి రిటైరై రెండేళ్ళు. వీధి చివర నెట్ సెంటర్ పెట్టారు. గంటకి ఇరవై రూపాయలు. చిన్నప్పుడు టైపు లోయరు పాసైనవాణ్ణి కాబట్టి కీబోర్డుకి భయపడలేదు. నెట్‌లో ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ గుంపు ఒకటి ఉందని తెలిసి చేరాను. జిల్లాలో కొత్తగా ఇల్లు కట్టుకుని, మేడ మీద ఇంకో వాటా వేసి, అద్దెకివ్వడం తెలియక తికమకపడేవాళ్ళు అందులో ప్రశ్నలు రాసేవారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. నేను అసలు పేరు, ఊరు పెట్టి జవాబులిచ్చేవాణ్ణి. ప్రతి నెలా రసీదు ఇవ్వండి. మోటారు ఎవరు వెయ్యాలో, ఎన్ని గంటలకో ముందే చెప్పండి. వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు తాళం తియ్యకండి. సున్నం ఖర్చు ఎవరిదో చేరేరోజే కాగితం మీద రాసుకోండి. ఇలాంటివి. "శోభనాద్రి గారు చెప్పారంటే ఇంక తిరుగులేదు" అని ఒకరిద్దరు రాశారు. నాకది బాగానే ఉండేది.

జూన్‌లో ఒక మంగళవారం 'కొత్త ఓనర్' అనే పేరుతో ఒకరు ఇలా రాశారు.

"మా మేడ మీద అద్దెకున్నవాళ్ళు మధ్యాహ్నం పూట తలుపులు వేసుకుంటున్నారు. లోపల ఏదో కొడుతున్న చప్పుడు. గొట్టంలోంచి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. వచ్చే ఆదివారం అమావాస్య. ఆషాఢం రాకముందే వీళ్ళని పంపించెయ్యాలి. ఏం చెప్పి పంపించాలి?"

రెండుసార్లు చదివాను. చేతులు కీబోర్డు మీంచి తీసేశాను.

నన్ను ఎవరో ఆటపట్టిస్తున్నారని అనుకున్నాను. తలుపులు, చప్పుడు, ఎర్రనీళ్ళు, అన్నీ అవే. పేరు లేదు, ఊరు లేదు. చుట్టూ చూశాను. పక్క కంప్యూటర్ దగ్గర మా ఇంట్లో ఇప్పుడు అద్దెకున్న జగన్మోహనరావు కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. నన్ను చూసి తెర మీద ఏదో మూసేశాడు.

"ఏం రాస్తున్నారండీ?" అన్నాను.

"నేను రాసేదేముంది మావయ్యగారూ, పేకాట ఆడుకుంటున్నా. అత్తయ్యగారికి చెప్పకండి, మా ఆవిడకి చేరుతుంది."

నమ్మాలో లేదో తెలియలేదు. ఇంటికి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది.

"ఆ ఎర్రనీళ్ళ సంగతి నువ్వెవరితోనైనా అన్నావా?"

"ఎప్పటి ఎర్రనీళ్ళు?" అని చేట ఆపింది. "సిరాజుద్దీన్ వాళ్ళవా? చెప్పుకోడానికి అదేమన్నా మనం చేసిన పుణ్యకార్యమా?"

"జగన్మోహనరావుతో?"

"ఆయనతో అద్దె పెంచుతామని చెప్పడానికే నాకు నోరు పెగల్లేదు. అదొకటి చెప్తానా?" రాయి ఒకటి తీసి గోడ వైపు విసిరింది. "అంత అనుమానమైతే ఆ రాసినవాణ్ణే అడగండి. పదిహేనేళ్ళ కిందటా మీరు అడగలేదు, ఇప్పుడూ అడగరు."

మర్నాడు అడిగాను. "మీది ఏ ఊరు? మీరెవరు?" అని రాశాను. అప్పటికే మిగతావాళ్ళు సలహాలు గుమ్మరించేశారు. మోటారు స్విచ్చి తీసెయ్యండి, రెండ్రోజుల్లో వాళ్ళే పోతారని ఒకరు. మాంసం వ్యాపారం, సందేహమే లేదని ఇంకొకరు. ఫ్యూజు పీకెయ్యమని మరొకరు.

నా ప్రశ్నకి జవాబు వచ్చింది. "ఊరెందుకండీ, సలహా చెప్పండి. మీ అనుభవంలో ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా?"

తెలిసి అడుగుతున్నాడనుకున్నాను. డబ్బులిచ్చేసి బయటికొచ్చేశాను. కానీ ఆ రాత్రి జపం చేస్తుంటే లెక్క తప్పుతూ వచ్చింది. ఒకవేళ ఆటపట్టించడం కాకపోతే? నిజంగా ఎక్కడో ఒక మేడ మీద ఒక కుటుంబం ఉండి ఉంటే? మా వైపు ఆషాఢంలో కొత్తవాళ్ళని ఇంట్లోకి ఎవరూ రానివ్వరు. పాలు పొంగించుకోరు. ఆదివారం లోపల ఖాళీ చేయిస్తే వాళ్ళకి నెల రోజులు ఎక్కడా ఇల్లు దొరకదు. సామాను, పిల్లలు, వానలు. నాకు నవ్వులపాలవుతానని భయం, వాళ్ళకి నెల్లాళ్ళు వీధి. ఈ రెండూ ఒకటేనా?

గురువారం వెళ్ళి ఉన్నదున్నట్టు రాశాను. "జరిగింది. నేను అడగలేదు, చూడలేదు, పంపించేశాను. అవి ఏం నీళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు చూడకుండా పంపించకండి."

పది నిమిషాల్లో జవాబు. "ఏం చెప్పి పంపించారు?"

"మా బావమరిది వాళ్ళు వస్తున్నారు, ఇల్లు మాకే కావాలి అని చెప్పాను."

అది అబద్ధం. మా బావమరిది అప్పుడు నందివాడలో తన సొంత ఇంట్లో సుఖంగా ఉన్నాడు. సిరాజుద్దీన్ తలూపి ఊరుకున్నాడు. అతని భార్య జైనాబ్ మాత్రం తాళం చేతికిస్తూ, "మా వల్ల ఏం తప్పు జరిగిందో అదొక్కటీ చెప్పండన్నయ్యగారూ" అంది. నేను తాళం తీసుకున్నాను. జవాబు చెప్పలేదు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. "బాగుందండీ. గొడవ లేకుండా పోయింది కదా. నేనూ అదే చెప్తాను. థాంక్స్."

నా తప్పు ఒప్పుకుంటే అది ఆయనకి ఉపాయమైంది. వెంటనే మా ఇంటి ఫోన్ నంబరు రాశాను. "వాళ్ళకి ఇంకా ఏమీ చెప్పకండి. ఒక్కసారి ఫోన్ చెయ్యండి" అని రాశాను.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. చిన్నవాడి గొంతు.

"కొత్త ఓనర్నండీ. నా పేరు మహేష్. మాది అవనిగడ్డ. మందుల షాపు."

అంటే నిజంగానే ఒక ఇల్లు ఉంది. నిజంగానే మనుషులున్నారు. "చెప్పేశారా వాళ్ళకి?" అన్నాను.

"రేపు పొద్దున చెబ్దామనుకుంటున్నానండీ."

"ముందు పైకి వెళ్ళి చూడండి."

"నాకు భయంగా ఉందండీ. ఆయన దేవదానమని టైర్ల షాపులో పని. లారీ టైరు ఒంటిచేత్తో లేపుతాడు. నేను చూస్తే ఇలా ఉంటాను. బ్యాంకు లోను తీసుకుని మేడ వేశానండీ, మొదటిసారి అద్దెకిచ్చాను. పేరు చెడితే ఇంకెవరొస్తారు?"

"రేపు నేనొస్తాను. వచ్చేదాకా ఆగండి."

"మీరెందుకండీ అంత దూరం నుంచి? మీరు వాళ్ళ తాలూకా కాదు కదా?"

అతనికి నా మీద అనుమానం. తప్పేముంది, మూడు రోజులుగా నాకు అతని మీద లేదూ? "నేను ఎవరి తాలూకా కాదు బాబూ. నాకూ చూడాలని ఉంది" అన్నాను.

శనివారం నాకు ఒక్కపొద్దు. దేవుడికి దణ్ణం పెట్టుకుని బస్సెక్కాను. పామర్రులో మారి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేసరికి పదకొండున్నర. మహేష్ షాపు ముందు నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళవాడు, సన్నగా, కళ్ళజోడు. నన్ను పైనుంచి కిందికి చూసి, నా నామం చూశాక కాస్త కుదుటపడ్డాడు.

ఇల్లు రెండు వీధుల అవతల. మేడ మీద నుంచి దిగే గొట్టం కింద గచ్చు ఎర్రగా మచ్చలు కట్టి ఉంది. వంగి చూశాను. అదే రంగు. మెట్లెక్కుతుంటే చప్పుడు వినిపించింది. దభీమని ఒకటి, కాస్త ఆగి మళ్ళీ. వాసన కూడా తెలిసిందే. మాంసం వాసన అని పదిహేనేళ్ళు అనుకున్నది ఇప్పుడు దగ్గరికి వస్తే ఏదో చేదు కషాయం కాచినట్టుంది. అయినా ఖాయంగా చెప్పలేకపోయాను.

"వినండి, వినండి, అదేనండీ" అని మహేష్ నా వెనక నుంచి గొణిగాడు.

తలుపు కొట్టాను. లోపల చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఏదో ఈడుస్తున్న శబ్దం. దాస్తున్నారనుకున్నాను. మళ్ళీ కొట్టాను. తలుపు జానెడు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళ ఆడమనిషి. మోచేతుల దాకా ఎర్రగా ఉంది. మహేష్ నా కండువా పట్టుకున్నాడు.

"ఆయన ఇంట్లో లేరండీ" అందామె.

"మీతోనే పనమ్మా. లోపల ఏం చేస్తున్నారు?"

ఆమె మహేష్ వంక చూసింది. ముఖం పాలిపోయింది. "నీళ్ళ గురించేనా అండీ? నీళ్ళెక్కువ అవుతున్నాయనేనా? ఇకనుంచి వీధి పంపు నుంచి మోసుకుంటానండీ. మోటారు నీళ్ళు ముట్టుకోను."

"నీళ్ళ సంగతి కాదు. ఒక్కసారి లోపల చూడొచ్చా?"

ఆమె తప్పుకుంది. లోపల గోనెలు పరిచిన బల్ల. దాని మీద లేత పసుపు రంగు గుడ్డ, సగం దాకా పువ్వులు. పక్కన అరడజను చెక్క అచ్చులు. మూల పొయ్యి మీద పెద్ద రాగి బిందెలో ఎర్రటి నీళ్ళు సలసల కాగుతున్నాయి. అందులో గుడ్డలు. మంచం కిందికి ఈడ్చినది రంగు పళ్ళెం. అది సగం బయటే ఉండిపోయింది.

"మాది పెడనండీ. నా పేరు కరుణమ్మ" అందామె. "పుట్టింటివాళ్ళు అద్దకం పనివాళ్ళు. మా అన్నయ్య గుడ్డలు తెచ్చిస్తాడు, నేను అద్ది ఇస్తాను. కరక్కాయ నీళ్ళలో తడిపిన గుడ్డ మీద పటిక అద్ది, ఎర్రరంగులో కాస్తామండీ. తరవాత ఉతికితే మిగిలిన రంగు పోతుంది. ఇంట్లో పని చేస్తామంటే ఇల్లివ్వరని చెప్పలేదండీ. అందుకే తలుపులేసుకుంటున్నా."

"చప్పుడో?" అన్నాను.

ఆమె ఒక అచ్చు తీసుకుని పళ్ళెంలో ఒత్తి, గుడ్డ మీద సరిగ్గా పెట్టి, పిడికిలితో పైన గుద్దింది. దభీమంది. అచ్చు తీసింది. పువ్వు పడింది.

మా వెనక పోర్షన్‌లో ఆ వేసవంతా నేను విన్నది ఇదీ.

మహేష్ నా కండువా వదిలేశాడు. "నేనేదో రక్తమనుకున్నానండీ" అన్నాడు మెల్లిగా.

"రక్తమా?" అంది కరుణమ్మ. ఒక్క క్షణం తన చేతుల వంక చూసుకుంది. "అయ్యో బాబూ. ఆదివారం పూట కిలో చికెను తెచ్చుకోడానికే మాకు డబ్బులు చాలవు. పశువుల్ని ఎక్కడి నుంచి తెస్తాం?"

మహేష్ నన్ను బయట పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఉండమంటారా?"

"ఇల్లు మీది. నేను చెప్పగలిగింది ఇంతే. రోజుకి ఎన్ని బిందెలో మాట్లాడుకోండి. ఆ నీళ్ళు గచ్చు మీద కాకుండా తిన్నగా కాలవలోకి పోయేట్టు గొట్టం పెంచుకోండి. గుడ్డలు మీ పిట్టగోడ మీదే ఆరేసుకోనివ్వండి. పని చేసుకుంటున్నారని వీధిలో మీరే చెప్పండి, ఎవరూ ఇంకోటి ఊహించరు. అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి."

"మోటారు కరెంటు?"

"దానికేదో న్యాయంగా కలుపుకోండి. మరీ పిండకండి."

అతను లోపలికెళ్ళి, "ఉండండక్కా, నీళ్ళ సంగతి ఆయన వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడు. కరుణమ్మ గుమ్మంలోనే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. బుగ్గకి ఎర్రరంగు అంటింది.

నేను అప్పుడు అడిగాను. "అమ్మా, పెడనలో సిరాజుద్దీన్ అని, గుడివాడ బట్టల కొట్లో చేసేవాడు. భార్య జైనాబ్. తెలుసా?"

"జైనాబ్ పిన్నిగారా? మా అమ్మావాళ్ళ పక్క వీధేనండీ. బాబాయి పోయి నాలుగేళ్ళయింది. మీకు చుట్టాలా?"

కాదన్నాను.

అవనిగడ్డ నుంచి బందరు, బందరు నుంచి పెడన. రెండు బస్సులు. పెడనలో దిగేసరికి మూడు దాటింది. కరుణమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం వెళ్తే పెంకుటిల్లు. ముందు పందిట్లో గుడ్డలు ఆరేసి ఉన్నాయి. జైనాబ్ గడప దగ్గర కూర్చుని ఒక అచ్చుని బ్రష్షుతో కడుగుతోంది. జుట్టు సగం తెల్లబడింది. తలెత్తి నన్ను చూసి ముసుగు సర్దుకుంది.

"గుడివాడ అన్నయ్యగారు" అంది. అడగడం కాదు, గుర్తుపట్టడం. గొంతులో ఆదరం లేదు. "ఇటెందుకొచ్చారు?"

"మీకు ఒక మాట బాకీ ఉన్నానమ్మా. ఇద్దామని వచ్చాను."

కుర్చీ వెయ్యలేదు. నిలబడే చెప్పాను. తలుపులు, చప్పుడు, ఎర్రనీళ్ళు, నేనేమనుకున్నదీ. బావమరిది మాట అబద్ధమనీ చెప్పాను. ఆవిడ బ్రష్షు పట్టుకుని కదలకుండా వింది. రక్తమనుకున్నానని అన్నప్పుడు మాత్రం పెదవులు కదిలాయి.

"ఇంటి పని మీకు చెప్పొద్దని ఆయనే అన్నారు" అంది చివరికి. "మీ నుయ్యి ఎండల్లో అడుగంటేది. నీళ్ళెక్కువ తోడుతున్నామని మీరు కోప్పడతారేమోనని. తలుపు కొడితే చూపించేదాన్ని కదండీ."

"కొట్టలేదమ్మా."

"అయితే పూల వల్ల కాదా?"

నాకు అర్థం కాలేదు. "ఏం పూలు?"

జైనాబ్ అచ్చు కింద పెట్టింది. "మీరు పూజకి కోసుకునే నందివర్ధనం చెట్టు ఉండేది కదా, గోడ పక్కన. ఒకరోజు మా నీలోఫర్ ఆ పూలన్నీ కోసేసి బొమ్మ పెళ్ళి చేసింది. మీ ఇంటావిడ చూశారు, ఏమీ అనలేదు. మర్నాడే మీరొచ్చి ఖాళీ చెయ్యమన్నారు. ఇంకేమనుకుంటాం? దాన్ని ఆ రోజు కొట్టాను. ఏడేళ్ళ పిల్లని. మూడు రోజులు వాళ్ళ నాన్న దానితో మాట్లాడలేదు. 'నీ వల్లే ఇల్లు పోయింది' అని ఎప్పుడు కోపమొచ్చినా అనేవాణ్ణని పోయేముందు ఆయనే బాధపడ్డారు. దానికిప్పుడు ఇరవై రెండు. ఈ రోజుక్కూడా ఎవరింటికెళ్ళినా పూలమొక్కల దగ్గరికి పోదు."

నాకు ఆ పూల సంగతి తెలియనే తెలియదు. సుబ్బరత్నమ్మ నాతో చెప్పలేదు. చెప్పేంత విషయంగా ఆవిడకి తోచి ఉండదు.

జైనాబ్ లోపలికెళ్ళి సెల్‌ఫోన్ తెచ్చింది. నంబరు నొక్కి, తురకంలో రెండు ముక్కలు మాట్లాడి, ఫోను నా వైపు చాపింది.

"నేను చెప్తే నమ్మదు. ఊరడించడానికి చెప్తున్నాననుకుంటుంది. మీరే చెప్పండి."

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల కుట్టుమిషను తిరుగుతున్న చప్పుడు.

"నేనమ్మా, గుడివాడ శోభనాద్రిని. మీరు చిన్నప్పుడున్న ఇంటి ఓనర్ని."

మిషను ఆగింది.

"చెప్పండి."

"మీరు ఇల్లు ఖాళీ చేసింది నువ్వు పూలు కోసినందుకు కాదమ్మా. మీ అమ్మ అద్దకం నీళ్ళు చూసి నేను పొరపాటు పడ్డాను. నీ తప్పేమీ లేదు."

ఫోను పెట్టేసిందేమోనని జైనాబ్ వంక చూశాను. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"ఇంకోసారి చెప్పండి" అంది ఆ పిల్ల.

మళ్ళీ చెప్పాను. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను.